తెలుగు బడిలో అభ్యసన వైకల్యము – లక్షణ పట్టికల విమర్శ

కామారెడ్డిలో గాని, ఎల్లారెడ్డిలో గాని ఒకటవ తరగతి పిల్లవాడు ‘అమ్మ’ అను మాటను ‘అమ’ అని వ్రాసినాడనుకొందము. అది వైకల్యమునకు తొలి గుర్తా, లేక నేర్చుకొనుటలో ఒక మజిలీయా? ఉపాధ్యాయుల చేతికి వచ్చు లక్షణ పట్టికలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పజాలవు. ఆ పట్టికలలో సామాన్యముగా మొదట కనబడునది అక్షరములను తిరుగవేసి వ్రాయుట. దానికి ఉదాహరణము ఆంగ్లములోని బి, డి అక్షరముల తారుమారు. ఆంగ్ల బడులకై పుట్టిన పట్టికను భాష మార్చి పంచినంత మాత్రమున అది తెలుగు బడికి పనికివచ్చునా అన్నదే ఇచట విచారింపదగిన విషయము.

ఈ గుర్తునకు అంత ప్రాధాన్యము ఎట్లు వచ్చినది? 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్ల వైద్యుడు పెర్సీ అను 14 ఏండ్ల బాలుని గూర్చి ఒక వైద్యపత్రికలో వ్రాసెను. ఆ బాలుడు చురుకైనవాడు, లెక్కలు చేయగలడు, కాని చిన్న మాటను సైతము మిక్కిలి కష్టముతో గాని చదువలేడు. బోధన అంతయు నోటితోనే జరిగినచో బడిలో వీడే మిన్నయని వాని ఉపాధ్యాయుడు చెప్పెనట. లోపమును సరిగా పట్టినవాడు ఆ ఉపాధ్యాయుడే! పిమ్మట 1925లో అమెరికా వైద్యుడు శామ్యూల్ ఆర్టన్ అక్షరముల తారుమారును ఈ లోపమునకు కేంద్రముగా భావించెను. 1970ల నాటికి లీబర్మన్, వెల్లూటినో మొదలగువారి పరిశోధనలు ఆ భావమును వెనుకకు నెట్టినవి. చదువ మొదలుపెట్టిన పిల్లలలో చాలమంది అక్షరములను తిరుగవేయుదురు, క్రమముగా మానుదురు. డిస్లెక్సియా అనబడు పఠన వైకల్యమున ముఖ్యమైన చిక్కు చూపులో లేదు. మాటలోని ధ్వనులను విడదీసి, వానిని అక్షరములతో ముడివేయుటలో ఉన్నది. శాస్త్రము ముందుకు సాగినను పట్టిక మాత్రము 1925లోనే నిలిచిపోయినది.

2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ అను హిందీ చలనచిత్రము ఈ విషయమును ఇంటింటికి చేర్చినది. సోమరియని పేరుపడిన ఎనిమిదేండ్ల ఇషాన్‌కు చదువలేకపోవుటయే అసలు బాధ అని చిత్రలేఖనోపాధ్యాయుడు నికుంభ్ వాని నోటుపుస్తకములను తిరగవేసి గ్రహించును. ఈ ఘట్టము మెచ్చదగినది. ఏదో ఒక తప్పును గాక, ఒకే విధమైన తప్పులు మరల మరల వచ్చుటను అతడు గమనించెను. ఐతే తెరపై అక్షరములు నాట్యమాడుట చూచినవారు ఇది కంటి చిక్కని తలంతురు. ఐన్‌స్టీన్, లియొనార్డో డావించి వంటివారికి ఈ లోపముండెనని చిత్రములో చెప్పిన మాటకు గట్టి ఆధారములు లేవు. పిల్లవానిలో గొప్ప చిత్రకారుడు దాగియుండుట కథకు అందమే. ఏ కళయు రాని పిల్లవానికి కూడ చదువు నేర్పవలసియే యున్నది గదా!

ఇక తెలుగు లిపి సంగతి. అద్దములో ప్రతిబింబమువలె ఒకదాని కొకటి ఎదురైన అక్షరముల జంటలు తెలుగులో అరుదు. ఇచట పిల్లలు తడబడునది వేరు చోట్ల. ప, ఫ, ష. ద, ధ, థ. వ, మ – ఇవి చిన్న గీతతోనో చుక్కతోనో వేరగును. దీర్ఘము విడిచినచో ‘కాలము’ ‘కలము’ అగును. సున్న విడిచినచో ‘పంట’ ‘పట’ అగును. ‘పత్రిక’ ‘పతిక’గా మారును. పైగా 36 హల్లులకు 12 గుణింతములు వేసినను 432 రూపములు, వానిపై ఒత్తులు. కన్నడ పిల్లలపై సోనాలి నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధనలో అక్షరములన్నియు పట్టుబడుటకు నాలుగవ తరగతి వఱకు కాలము పట్టుచున్నదని తేలినది. కన్నడ లిపి తెలుగు లిపికి తోబుట్టువు. కావున ఒకటవ తరగతిలో ‘అమ’ ఒక మజిలీ. తోటివారందఱు ఒత్తులు దాటిపోయిన పిమ్మట కూడ ఒక్కడే అచట నిలిచియుండుట గుర్తు.

పట్టికలు మఱచిన సంగతి మఱియొకటి కలదు. ఎల్లారెడ్డి చుట్టుపట్ల తండాల పిల్లలకు ఇంటి భాష లంబాడీ. కామారెడ్డి పట్టణములో ఉర్దూ మాటలాడు ఇండ్లు కలవు. తెలుగు ఇండ్లలో సైతము ‘ధనము’ను ‘దనం’ అనుట సహజము. విన్నట్లు వ్రాసిన పిల్లవాని చెవి బాగున్నట్లే లెక్క! తండా పిల్లవాడు ఇంటి భాషలో కథ చక్కగా చెప్పి, ఆ భాషలోనే ప్రాసలు పలుకగలిగినచో, వానికి కావలసినది తెలుగుతో మరికొంత పరిచయమే. అట్లని అన్నిటికి భాషనే కారణముగా చూపుటయు తగదు. అదే తండానుండి వచ్చిన తోడి పిల్లలకంటె కూడ వెనుకబడినవానిని ప్రత్యేకముగా చూడవలెను.

నిజమునకు విలువైన గుర్తులు పట్టికలలో అడుగున పడియున్నవి. మాటలు ఆలస్యముగా వచ్చుట, ప్రాసపదములు పట్టుబడకుండుట, ‘కమల’లో ‘క’ తీసివేసినచో మిగులునదేమో చెప్పలేకుండుట, వారముల పేర్లు వరుసగా నిలువకుండుట, తల్లికో తండ్రికో అన్నకో ఇట్టి ఇబ్బందియే ఉండుట. వీనిలో కొన్ని అంగన్‌వాడీలోనే కనబడును. లెక్కలలో, తోటివారు దాటిపోయినను 5 చింతగింజలకు 3 కలుపుమన్న ప్రతిసారి మరల 1 నుండి లెక్కించుట చూడదగినది. వీనిలో ఏ ఒక్కటియు తనంత తాను రుజువు కాదు. అమెరికా మనోవైద్య సంఘము 2013 నాటి ప్రమాణ గ్రంథములో, తగిన సహాయము చేసినను ఇబ్బంది కనీసము 6 నెలలు నిలిచియుండవలెనని నియమము పెట్టినది. చక్రాల కుర్చీ ఎవరికి కావలెనో ఒకనాటి శిబిరములో తేల్చవచ్చును. చదువులోని లోపము అట్లు తేలదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 వైకల్యములలో నిర్దిష్ట అభ్యసన వైకల్యము ఒకటి. 2018 జనవరి నాటి కేంద్ర మార్గదర్శకములు ఎనిమిదేండ్లు నిండిన పిల్లలకే ధ్రువపత్రమును విధించినవి. తొందరపడి ముద్ర వేయకుండుటకు ఆ నియమము మంచిదే. చిక్కేమనగా, పత్రము రానిదే సహాయము చేయరాదని కొందఱు తలచుచున్నారు. ఎనిమిదేండ్లు వచ్చుసరికి పిల్లవాడు బడిలో రెండు మూడేండ్లు గడపును, ‘మొద్దు’ అను బిరుదును పొందును. ధ్వనుల ఆటలకు, ఒత్తులను విడివిడిగా నేర్పుటకు ఏ పత్రమును అక్కఱలేదు.

ముందుగా చూపు, వినికిడి పరీక్షింపవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పరిశీలనకు ఎంచిన 30 స్థితులలో ఇవియు, అభ్యసన వైకల్యమును చేరియున్నవి. 2022లో తెలంగాణ ప్రాథమిక పాఠశాలలలో మొదలైన ‘తొలిమెట్టు’ పిల్లల పఠన స్థాయిని ఎప్పటికప్పుడు పరిశీలించుటకు ఉద్దేశింపబడినది. అట్టి పరిశీలనలను తేదీలతో వ్రాసియుంచి, పక్కనే అదే పిల్లవాని చేతివ్రాత పుటలను నెలకొకటి చొప్పున చేర్చినచో, భవిత కేంద్రపు ప్రత్యేకోపాధ్యాయుడు గాని మనస్తత్వ నిపుణుడు గాని మొదట అడుగు ప్రశ్నకు – ఏమి నేర్పితిరి, ఎంతకాలము నేర్పితిరి, ఏమి మారినది – జవాబు ఆ పుటలలోనే దొరకును.