‘రన్’ ఆరోపంలోని పనితనం

క్రికెట్ పుణ్యమా అని ‘రన్’ తెలియని తెలుగువాళ్లు అరుదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు ఆ మాటకు క్రియగానే 645 అర్థాలు విడదీసింది. 1989 నాటి రెండో కూర్పులో 430 అర్థాలతో ‘సెట్’ అన్నిటికంటే పెద్దది; 2011లో ‘రన్’ దాన్ని మించిపోయింది. ‘రన్’ ఆరోపాన్ని, అంటే నిఘంటువులో ఆ మాటకిచ్చిన పద్దును, తిరగరాయడానికి సంపాదకుడు పీటర్ గిల్లివర్‌కు దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. సంఖ్య సంగతి అలా ఉంచి, దాని నిర్మాణం చూద్దాం.

ఆరోపానికి ముడిసరుకు ప్రయోగాలే. పాత పుస్తకాల నుంచి, పత్రికల నుంచి తీసిన వాక్యం, పక్కన దాని సంవత్సరం. 1879లో జేమ్స్ మరే సంపాదకత్వం చేపట్టాక వాటిని పాఠకులు చీటీల మీద రాసి పంపేవారు. సంపాదకుడు వాటిని అర్థాన్నిబట్టి గుట్టలు పెట్టాలి. నేర్పంతా అక్కడే ఉంది. ఏరు పారుతుంది, ముక్కు కారుతుంది, తడిసిన బట్ట రంగు దిగుతుంది. ఇంగ్లిష్‌లో మూడింటికీ ‘రన్’ సరిపోతుంది. మరి గుట్ట ఒకటా, మూడా? కర్త ఏమిటి, కర్మ ఉందా, క్రియ వెనక ఏ చిన్న మాట తగులుకుంది అని ఆయన చూస్తాడు. ఏరు తానే పారుతుంది. ముక్కు కారుతుందంటే కదిలేది ముక్కు కాదు, అందులోని ద్రవం. అంత సన్నని తేడాకూ వేరే అంకె పడుతుంది.

పాత ఇంగ్లిష్‌లో పరుగెత్తడానికొక క్రియ, పరుగెత్తించడానికొక క్రియ ఉండేవి, మన ‘నడుచు’, ‘నడుపు’ జంటలాగా. తర్వాత రెండూ ఒకే రూపంలో కలిసిపోయాయి. అందుకే బస్సు నడవడానికీ, సంస్థ బస్సులు నడపడానికీ అక్కడ మాట ఒకటే. ఆ అతుకును నిఘంటువు దాచదు: అకర్మక ప్రయోగాలు ఒక శాఖ, సకర్మకాలు మరో శాఖ. శాఖలో అర్థాలు, వాటి కింద ఉపార్థాలు, ఒక్కోదాని కింద తేదీల వరుసలో ఉదాహరణలు. గడియారం, రైలు, కంప్యూటర్ ప్రోగ్రామ్ వచ్చినకొద్దీ ఆ మాట కొత్త కొమ్మలు వేసింది. ‘రన్ అవుట్’ లాంటి జంటలకు చివర్లో వేరే చోటు. బ్యాటర్ వికెట్ పోవడం, ఇంట్లో ఉప్పు నిండుకోవడం, ఒప్పందం గడువు తీరడం అన్నీ ఆ ఒక్క జంటలోనే ఇముడుతాయి.

ఈ అమరిక చరిత్ర క్రమంలో ఉంటుంది. నేటి వాడుకే మొదట కనిపిస్తుందని ఆశించకండి. చప్పున అర్థం కావాలంటే చిన్న నిఘంటువు చూసుకోండి. ఒక మాట ఎలా పెరిగిందో తెలియాలంటే మాత్రం దీన్ని తెరిచి, అర్థాలకంటే ముందు తేదీలు చదవండి.