దాఖలు సంఖ్యయు, ఖాయపడిన క్రమమును

వేలూరు, గుడియాత్తము ప్రాంతములలో భూమి కొనదలచిన తెలుగువాడు మొదట విచారించునది, దానిపై పూర్వమే తనఖా యున్నదా యని. ఈ విచారణకు ప్రాణము ముందు వెనుకల నిర్ణయము. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము దీనిని చక్కగా గుర్తించినది. 52వ సెక్షను ననుసరించి, దస్తావేజు దాఖలైన దినమును, గంటను దానిపైననే వ్రాయవలెను. పుస్తకములో మాత్రము రిజిస్ట్రేషనుకు అంగీకరింపబడిన వరుసనే ఎక్కింపవలెను. దాఖలు వేఱు, అంగీకారము వేఱు. రెండింటికిని జాడ కలదు.

నేటి రిలేషనల్ డేటాబేసులలో ఈ వివేకము కొఱతగా నున్నది. పోస్ట్‌గ్రెస్‌నే తీసికొందము. అందు లావాదేవికి సంఖ్య లభించునది అది వ్రాయ నారంభించినపుడు; కమిట్ అయి ఖాయపడినపుడు కాదు. రెండూళ్ల కచేరీలకును ఒకే డేటాబేసు కలదనుకొందము. గుడియాత్తములోని తనఖా 100వ సంఖ్యతో మొదలై యింకను ముగియలేదు. వేలూరిలోని విక్రయము 101వ సంఖ్యతో ముందుగా ఖాయపడినది. నకలు తీయు ప్రోగ్రాము 101 వఱకు చదివితినని గుర్తుంచుకొని సాగిపోవును. పిదప 100 ఖాయపడినను, దానిని చదువు దిక్కులేదు. ఆ నకలును నమ్మి గుడియాత్తము భూమిని కొన్నవానికి తనఖా కనబడదు.

2014లో వచ్చిన 9.4 కూర్పు, మార్పులను ఖాయపడిన వరుసలో లాగ్ నుండి వెలికితీయు మార్గమును చూపినది. 2016లో వెలువడిన 9.5 కూర్పు, కోరినచో ఖాయపడిన సమయమును భద్రపఱచును. కాని సమయము క్రమము కానేరదు. రెండు లావాదేవులకు ఒకే సమయము పడవచ్చును. గడియారము వెనుకకు జరుగవచ్చును. నిజమైన వరుస లాగ్‌లో నున్నను, సామాన్యమైన ఎస్‌క్యూఎల్ ప్రశ్నకు అది అందుటలేదు. ఇదియే నా ఆక్షేపణ.

అందఱికిని వరుస సంఖ్య నిచ్చినచో, అందఱును ఒకే వాకిట నిలువవలసి వచ్చి వేగము తగ్గునని అనవచ్చును. కాని లాగ్‌లో ఆ వరుస యిప్పటికే యేర్పడియున్నది. అసలు చిక్కు వేఱు: లాగ్‌లోని వరుసయు, ఇతరులకు కనబడు వరుసయు ఒక్కొక్కపుడు భిన్నములగును. ఏ వరుసకు హామీ యిచ్చుచున్నదో డేటాబేసు స్పష్టముగా చెప్పి, దానిని బయలుపఱుపవలెను. అంతవఱకు, ముగియని లావాదేవులలో కనిష్ఠ సంఖ్యకు లోబడినవానిని మాత్రమే చదువుట క్షేమము. ఆలస్యమైనను, తనఖా తప్పిపోదు.