అయిదు గళ్ళ పొద్దు

పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలోకి రాగానే నేను చేసే మొదటి పని అయిదక్షరాల ఇంగ్లిష్ మాట ఒకటి పట్టుకోవడం. ఆ తరవాతే పేపరు, ఆ తరవాతే బజారు.

ఆట పేరు వర్డిల్. జాష్ వార్డిల్ అనే ఇంజినీరు తన సహచరి కోసం తయారుచేసి, 2021 అక్టోబరులో అందరికీ అందుబాటులో పెట్టాడు. 2022 జనవరి ముగిసేలోపే న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొనేసింది. అయిదు గళ్ళు, ఆరు వరసలు. పెట్టిన అక్షరం సరైన గడిలో పడితే పచ్చగా మారుతుంది. మాటలో ఉండి చోటు తప్పితే పసుపు. అసలు లేకపోతే బూడిద రంగు.

ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళకే ఇది చెల్లుతుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఇక్కడ అక్కరకొచ్చేది అక్షరాల నడక తెలియడం. ఏది ఎక్కువ వస్తుంది, ఏది ఎవరి పక్కన కూచుంటుంది, ఏది చివరి గడిలో ఇమడదు, ఇవి తెలియాలి. స్క్రాబుల్ కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ పత్రికల పేజీలు ముందేసుకుని అక్షరాలు లెక్కపెట్టాడు. అందుకే ఆ ఆటలోని 100 పలకల్లో ‘ఈ’కి 12 దక్కాయి, ‘క్యూ’కీ ‘జడ్’కీ ఒక్కొక్కటే.

మొన్న మా మేనకోడలు ఫోను పట్టుకుని వచ్చింది. రెండో వరసలో ‘లైట్’ అని కొట్టిందట. ఎల్ బూడిద రంగు, ఐ, జీ, హెచ్, టీ నాలుగూ పచ్చ. “మొదటిదొక్కటే మావయ్యా, అయిపోయినట్టే” అంది. అయిపోలేదు. ఆ నాలుగక్షరాల ముందు ఒక్కటి చేర్చి చూడండి: ఫైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్, ఎయిట్. బాగా వాడుకలో ఉన్నవే ఏడు మాటలు, మిగిలినవి నాలుగు వరసలు. ఒక్కోటీ కొట్టుకుంటూ పోతే అదృష్టాన్ని నమ్ముకోవాల్సిందే. “ఫార్మ్స్ అని కొట్టు” అన్నాను. “అది కాదని తెలుసు కదా, ఒక వరస దండగ కదేటి?” అని అడిగింది. దండగ కాదు. ఎఫ్, ఆర్, ఎమ్, ఎస్ నాలుగింటి సంగతీ ఆ ఒక్క వరసలో తేలిపోతుంది. వాటిలో ఏది వెలిగినా జవాబు చేతికొచ్చినట్టే. ఏదీ వెలగకపోతే నైట్, టైట్, ఎయిట్ మూడే మిగులుతాయి, వరసలూ మూడే ఉంటాయి. ఓడే దారి లేదు. ఎస్ పసుపుగా వెలిగింది. పిల్ల కేకేసిన కేకకి వీధి గుమ్మంలో ఉన్న మా అక్క లోపలికి వచ్చింది.

జవాబు కాదని తెలిసిన మాటని, తెలుసుకోవడం కోసమే ఖర్చుపెట్టడం ఈ విద్యలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని. పిల్లలకి మొదట్లో మనసొప్పదు, ఒకసారి ఫలితం చూశాక వదలరు. ఇంకొకటి కూడా గమనించాను. ‘నైట్’లో జీ, హెచ్ పలకవు. పలికినట్టే రాసుకునే తెలుగు, ఒడియాల మధ్య పెరిగిన మనం మాటని చెవితో వెతుకుతాం. ఈ ఆట కంటితో వెతకడం నేర్పుతుంది.

ఆ చూపు అలవాటయ్యాక మా ఊరు బరంపురంలోని బోర్డులు కూడా నాకు గళ్ళలాగే కనిపిస్తున్నాయి. ఇంగ్లిష్‌లో బెర్హంపూర్ అని రాసినా తొమ్మిదక్షరాలే, రైల్వే స్టేషన్లో ఉన్నట్టు బ్రహ్మపూర్ అని రాసినా తొమ్మిదే. చోట్లు మారాయి గానీ అక్షరాల్లో తేడా ఒక్కటే: ‘ఈ’ పోయి ‘ఏ’ వచ్చింది. 2011లో ఒరిస్సా ఒడిశా అయినప్పుడు ఆరు గళ్ళలో రెండోదీ అయిదోదీ మాత్రమే మారాయి.

అక్షరం మీద ఇంత పట్టింపు మా ఊరున్న గంజాం గడ్డకి కొత్త కాదు. ఒడియా వాళ్ళు కవిసమ్రాట్ అని పిలుచుకునే ఉపేంద్ర భంజ ఇక్కడి ఘుముసర రాజకుటుంబంలో పుట్టినవాడు. ఒకప్పటి రస్సెల్‌కొండ ఇవాళ భంజనగర్ అయింది ఆయన పేరు మీదే. రామకథని ‘వైదేహీశ విలాస’ పేరుతో 52 ఛాందాల్లో, అంటే సర్గల్లో, చెప్పి, ప్రతి పాదాన్నీ ‘బ’తోనే మొదలుపెట్టాడు. ‘సుభద్రా పరిణయ’లో ‘స’, ‘కళా కౌతుక’లో ‘క’. ‘అబనా రసతరంగ’ సంగతి మరీ చిత్రం. గుడి లేదు, కొమ్ము లేదు, ఏత్వం లేదు, ఒట్టి అకారాంతాలతో నడుస్తుంది. ‘వైదేహి’తో మొదలయ్యే పేరున్న కావ్యానికి ‘బ’ నియమం ఎలా కుదిరిందని తెలుగువాడికి సందేహం రావాలి. ఒడియాలో బ, వ రెండింటికీ వాడే అక్షరం ఒకటే, పలుకూ బకారమే. వనం, వరం, విధి, వీరుడు, వేదం అన్నీ ఆయన కొట్లోకి వచ్చి చేరాయి. తన భాషలో ఏ గది నిండుగా ఉందో చూసుకునే ఆయన నియమం పెట్టుకున్నాడని నా నమ్మకం. అంతమాత్రాన ఆ పని తేలికైపోదు.

మనకీ అవధానం ఉంది. ఫలానా పాదంలో ఫలానా చోట ఈ అక్షరం రావాలంటాడు పృచ్ఛకుడు, అది న్యస్తాక్షరి. ఇక్కడ ఈ అక్షరం వాడకూడదంటూ అడుగడుగునా అడ్డుపడితే నిషిద్ధాక్షరి. వర్డిల్లో పచ్చ గడి మొదటిది, బూడిద గడి రెండోది. తరవాతి కాలంలో శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక, ఆరుద్ర గళ్ళ నుడికట్టు ఈ సరదాని అవధాన సభ నుంచి మామూలు పాఠకుడి పడక్కుర్చీలోకి తెచ్చాయి.

1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిసింది. అప్పటినుంచి మా ఇళ్ళలో పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లిష్. మా మేనకోడలు గలగలా తెలుగు మాట్లాడుతుంది. తెలుగు బోర్డు చదవమంటే మాత్రం కూడబలుక్కుంటుంది. ఇంగ్లిష్ మాటని కంటితో వెతకడం నేర్చుకున్న పిల్ల సొంత భాషని చెవికే వదిలేసింది. ఇది నాకు బాధగా ఉంటుంది. అందుకే ఇప్పుడు సాయంత్రాలు పలక మీద నాలుగు గళ్ళు గీస్తున్నాను.

మూడో గడిలో ‘పు’ రాసి మిగతావి నింపమన్నాను. బరంపురం వెంటనే వచ్చింది. తరవాత ఛత్రపురం, ఇచ్ఛాపురం. పిఠాపురం మా అక్క చెప్పింది. ఇక ఊళ్ళు అయిపోయాయని కూచుంటే, పిల్ల సుద్దముక్క లాక్కుని ‘మల్లెపువ్వు’ అని రాసింది, వ వత్తు కాస్త వంకరగా. ఆ వెంటనే బంతిపువ్వు.

గంజాంలోనో, గంజాం దాటో ఉన్న తెలుగు ఇళ్ళవాళ్ళారా, ఇవాళ రాత్రి అన్నాలయ్యాక ఈ నాలుగు గళ్ళు గీసి చూడండి. నోటితో చెప్పి ఊరుకోకుండా పిల్లల చేతే రాయించండి. మూడో గడిలో ‘పు’తో మీ ఇంట్లో ఇంకే మాటలు దొరికాయో నాకు ఉత్తరం రాయండి.