కాపలాదారునకు కాపలా

జనగామ, కాజీపేటల నడుమ రైలు మార్గముపై స్టేషన్ ఘన్‌పూర్ ఉన్నది. ఒక స్టేషను నుండి బండిని వదలుటకు ముందు అవతలి స్టేషను నుండి ‘లైన్ క్లియర్’ పొందుట రైల్వేలో చిరకాలముగా వచ్చిన పద్ధతి. దారి ఖాళీగా ఉన్నదని బండి నడుపువాడు చెప్పిన చాలదు. ఆ మాట వేరొకరు చెప్పవలెను. ఈ చిన్న నియమమును మరచుటచే కంప్యూటర్ల ప్రపంచమున ఎంతటి ముప్పు కలిగినదో విద్యార్థులు తెలిసికొనదగియున్నది.

బ్యాంకులు, ఆసుపత్రులు, విద్యుత్ సంస్థలు తమ కంప్యూటర్లను నెట్‌వర్కుగా కలుపుకొనును. ఏ యంత్రము ఆగినది, ఏ మార్గమున రద్దీ పెరిగినది అని అనుక్షణము విచారించి రేఖాపటములు గీయు సాఫ్ట్‌వేరు ఒకటి వాటికి కావలెను. ఇదియే నెట్‌వర్కు పర్యవేక్షణ సాఫ్ట్‌వేరు. అన్నిటిని చూడవలెను గనుక దీనికి అనేక ద్వారముల తాళపుచెవులు అప్పగింతురు. అందుచేత దీనిలోని లోపము సామాన్యమైనది కాదు. దొంగ ఒక ఇంటిలో దూరుట వేరు. గస్తీవాని తాళపుచెవుల గుత్తి వానికి దొరకుట వేరు.

ఇట్టి సాఫ్ట్‌వేరులలో క్యాక్టై ఒకటి. ఇది ఉచితముగా లభించును. 2022 డిసెంబరులో దీనిలో ఒక లోపము వెల్లడియైనది. తీవ్రతను 10 వరకు కొలుచు మానములో దానికి 9.8 వచ్చినది. క్యాక్టైకి తోడుగా పనిచేయు యంత్రములకు మాత్రమే ప్రవేశమిచ్చు ద్వారమొకటి అందున్నది. వచ్చినదెవరో తెలిసికొనుటకు ఆ ద్వారము, వచ్చినవాడే తెచ్చిన చీటీపై గల చిరునామాను నమ్మెను! లోపల మరియొక తప్పు: సంఖ్య ఉండవలసిన చోట సంఖ్యయే ఉన్నదా అని చూడక, వచ్చినదానిని యథాతథముగా ఆజ్ఞలో చేర్చెను. సంఖ్యకు తోడు ఒక ఆజ్ఞను కూడ వ్రాసి పంపినవాడు దానిని ఆ యంత్రముచేతనే చేయింపగలడు. ఒక తప్పు దిద్దిన చాలదని, రెంటిని దిద్దవలెనని, లోపమును కనిపెట్టినవారు సూచించిరి. ఇది సరియైన వైద్యము. సవరణ 1.2.23 కూర్పుగా వెలువడినది.

కాని విమర్శింపదగినది ఇక్కడనే ఆరంభమగుచున్నది. 2023 జనవరిలో సెన్సిస్ అను సంస్థ ఇంటర్నెట్టుపై 6,427 క్యాక్టై యంత్రములను గుర్తించినది. వాటిలో కొన్నింటి కూర్పు సంఖ్య మాత్రమే బయటికి కనబడును. అట్లు కనబడినవాటిలో సవరించినవి 26. పాతవి 1,600 పైచిలుకు. మందు తయారైనది, రోగి త్రాగలేదు. సవరణ ప్రకటించిననాడే పని ముగిసినదని తలచుట పెద్ద పొరపాటు. అది ప్రకటితమగుటతో లోపమెక్కడ ఉన్నదో దుండగులకు కూడ తెలియును. ఆలస్యము వారికే లాభము.

సవరణలోనే విషముండవచ్చును గదా అని కొందరు ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణ నిరాధారము కాదు. సోలార్‌విండ్స్ వారి ఓరియన్ అను పర్యవేక్షణ సాఫ్ట్‌వేరు యొక్క క్రొత్త కూర్పులలో దుండగులు హానికరమైన భాగమును చేర్చినట్లు 2020 డిసెంబరులో బయటపడినది. 18,000 వరకు వినియోగదారులు దానిని స్వీకరించియుందురని ఆ సంస్థయే తెలిపినది. అయినను దీనివలన నేర్వవలసినది సవరణను మానుట కాదు. కాపలాదారునకు అవసరమైన తాళపుచెవులు మాత్రమే ఇచ్చుట, వాని కదలికలను వేరొకరు గమనించుట.

ఇది పరదేశపు కథ అని ఉపేక్షింపరాదు. 2021 మార్చిలో, కేంద్ర ప్రభుత్వ సంస్థయైన సెర్ట్-ఇన్ హెచ్చరికపై తెలంగాణ విద్యుత్ సంస్థలు తమ వ్యవస్థల రక్షణకై చర్యలు తీసికొనవలసివచ్చినది.

మన పాఠశాలలలో ప్రోగ్రాము వ్రాయుట నేర్పునపుడు సరియైన ప్రశ్నకు సరియైన జవాబు వచ్చిన మార్కులు వేయుట వాడుక. అది సగము చదువే. వయస్సు అడిగినచోట అక్షరములు వ్రాసిన ఏమగును? ఋణసంఖ్య ఇచ్చిన ఏమగును? ఈ ప్రశ్నలకు కూడ మార్కులుండవలెను. అట్టి తరగతిలో చదివిన విద్యార్థి రేపు ద్వారము నిర్మించునపుడు, వచ్చినవాని చీటీని వాని మాటపైననే నమ్మడు.