సర్దుబాటుకీ మార్పుకీ మధ్య ఒక కారు

మా అబ్బాయి పైచదువులకని దేశం దాటుతూ తన కారు నాకు వదిలి వెళ్ళాడు. చిన్న హ్యాచ్‌బ్యాక్. ఏ కంపెనీదో చెప్పను. ఈ వ్యాసం ఒక కంపెనీ మీద ఫిర్యాదు కాదు. షోరూము నుంచి వచ్చిన రోజున అది హన్మకొండ రోడ్ల మీద తిరిగే వందల కార్లలో ఒకటి. రెండేళ్ళ ఆదివారాలు మా పోర్టికోలో గడిచాక ఇక ఏ కారుతోనూ దానికి పోలిక లేకుండా పోయింది. పదహారు అంగుళాల అలాయ్ చక్రాలు, వెడల్పాటి టైర్లు, కారుని నేలకి దించే పొట్టి స్ప్రింగులు, వెనక స్పాయిలర్, బానెట్ మీద రెండు నల్ల చారలు, అద్దాలకి నల్ల ఫిల్ము. సైలెన్సరు శబ్దానికి ఎదురింటి పసిపిల్ల ఉలిక్కిపడి లేచేది.

ఆ రెండేళ్ళూ నేను టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను. పన్నెండో నంబరు స్పానరు అడిగితే పన్నెండో నంబరే అందించాను. టీ సరేసరి. వాయిదాలు నా జీతంలోంచే కట్టాను. చివరి చార అంటించిన రోజున వాడు నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని, "అమ్మా, ఇప్పుడిది నిజంగా నా కారు" అన్నాడు. అది నాకు తప్పుగా తోచలేదు. కొన్నంత మాత్రాన వస్తువు మనదవదు, చేతులు పెట్టి మార్చుకుంటేనే మనదవుతుంది. ఆ సంతోషాన్ని కుర్రతనమని కొట్టిపారేసే ఉద్దేశం నాకు లేదు. అది ఎవరికి దొరుకుతోంది, ఎవరికి దొరకడం లేదు అన్నదే నా ప్రశ్న.

కారు నా చేతికి వచ్చాక నేనూ దాన్ని మార్చాను. నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. రోడ్డు కనిపించడానికి సీటు మీద దిండు వేసుకున్నాను. క్లచ్ అందడానికి సీటుని చివరిదాకా ముందుకి జరిపి, వీపు నిటారుగా పెట్టుకున్నాను. బెల్టు మెడకి ఒరుసుకుంటుంటే దానికి చేతిరుమాలు చుట్టి పిన్నీసు పెట్టాను. మా అబ్బాయి చేసినవాటిని చూసినవాళ్ళంతా 'మోడిఫికేషన్' అన్నారు. నేను చేసినవాటికి ఎవరూ పేరు పెట్టలేదు. ఎవరైనా అడిగితే "ఏదోలా సర్దుకుంటున్నా" అని నేనే చెప్పేదాన్ని.

సర్దుకోవడం! కాపురంలో, ఉద్యోగంలో, ఉమ్మడి కుటుంబంలో ఈ మాట ఆడవాళ్ళకి ఏం చేసిందో ముప్ఫయ్యేళ్ళుగా చదువుతున్నాను, పాఠం చెబుతున్నాను, రాస్తున్నాను. అదే మాట నా కింద దిండై కూర్చుంటే గుర్తుపట్టలేకపోయాను.

గుర్తుపట్టడానికి ఒక దెబ్బ తగలాల్సి వచ్చింది. కాజీపేట వైపు వెళ్తుంటే ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు తొక్కినా ఆగక దాని వెనక తగిలాను. దిండు జారింది. దాంతోపాటు నేనూ బెల్టు కిందికి జారాను. ఛాతీ స్టీరింగుకి కొట్టుకుంది. వేగం తక్కువ కాబట్టి ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదు, ఆటోలో ఎవరికీ ఏమీ కాలేదు. నాకు పక్కటెముకల మీద కమిలింది. మూడు వారాలు తరగతిలో గొంతెత్తి పద్యం చదవలేకపోయాను. "అంత దగ్గరగా ఎందుకు కూర్చున్నారు? ఆ బ్యాగ్ తెరుచుకుని ఉంటే?" అని డాక్టరమ్మ నివ్వెరపోయింది. ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో ఉబ్బుతుంది. అందుకే రొమ్ము ఎముకకీ స్టీరింగుకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్ల ఎడం ఉండాలంటారు. ఇంటికి వచ్చి టేపుతో కొలిస్తే 15 వచ్చింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: "సరిగ్గా కూర్చోవాలి కదా వదినా." కారు సరిగ్గానే ఉందట, నేనే సరిగ్గా లేనట. పొట్టిగా ఉండటం వేరు, పొరపాటుగా ఉండటం వేరు అని వాళ్ళకి చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కార్ల భద్రతని బొమ్మలతో పరీక్షిస్తారు. దశాబ్దాలుగా ముందువైపు ఢీకొట్టే పరీక్షల్లో ఎక్కువగా వాడుతున్నది 1976లో అమెరికాలో తయారైన 'హైబ్రిడ్-3' రకం మగబొమ్మ. ఎత్తు సుమారు 175 సెంటీమీటర్లు, బరువు సుమారు 78 కిలోలు. తర్వాత 'ఆడబొమ్మ' కూడా వచ్చింది. కానీ అది ఆ మగబొమ్మనే దాదాపు 150 సెంటీమీటర్లకీ 49 కిలోలకీ కుదించినది. సగటు స్త్రీ శరీరాన్ని కొలిచి చేసిన బొమ్మని స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం 2022లో గానీ లోకానికి చూపించలేదు. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అసలు ప్రమాదాల లెక్కలు తీసి 2011లో ప్రచురించారు. ఒకే రకం ప్రమాదంలో, ఇద్దరూ బెల్టు పెట్టుకున్నా, తీవ్రమైన గాయాలపాలయ్యే అవకాశం మగ డ్రైవరుకన్నా ఆడ డ్రైవరుకి 47 శాతం ఎక్కువని తేలింది. అంటే నేను ఆ సీటులో కూర్చోకముందే అందులో ఒకరు కూర్చుని ఉన్నారు. నేను కూర్చున్నది ఆయన ఒడిలో.

వాహనాలతో మనవాళ్ళు మాట్లాడే తీరు కూడా చూడాలి. ఇంగ్లీషువాళ్ళు కారుని ముద్దుగా ఆడదాన్ని చేసి పిలుస్తారు. మా అబ్బాయి స్నేహితులూ అదే నేర్చుకుని "పిల్ల ఎట్లుందిరా" అని అడిగేవాళ్ళు. నిజానికి తెలుగులో అంత శ్రమ అక్కర్లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది: మగవాడు మహత్తు, ఏకవచనంలో స్త్రీ, పశువు, వస్తువు అన్నీ అమహత్తే. వాడు వచ్చాడు, కారు వచ్చింది, ఆమె వచ్చింది. కారుకీ నాకూ ఒకటే క్రియ. ముప్ఫయ్యేళ్ళు ఈ సూత్రాన్ని బోర్డు మీద రాశాను. దాని బరువు పోర్టికోలో తెలిసింది. తనదని చెప్పుకోవడానికి మార్చేది ఎప్పుడూ మహత్తు, మారేది అమహత్తు. అబ్బూరి ఛాయాదేవి 'బోన్‌సాయ్ బ్రతుకు'లో కుండీలో కురచబడ్డ చెట్టుని చూపించి చెప్పింది ఈ మారేవాళ్ళ కథే.

కానీ చరిత్ర ఈ వ్యాకరణానికి ఒప్పుకోదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్లకి పైగా కారు నడిపింది. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. తీగ ఒరిసిపోతే మేజోడు పట్టీ చుట్టింది. చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. బ్రేకు లైనింగ్‌కి అదే మొదలంటారు. ఇంగ్లండులో డొరొతీ లెవిట్ 1909లో రాసిన పుస్తకంలో, వెనక వచ్చే బళ్ళని చూడటానికి ఆడవాళ్ళు చిన్న చేతి అద్దం దగ్గర పెట్టుకోవాలని సలహా ఇచ్చింది. టోపీ పిన్ను, మేజోడు పట్టీ, చేతి అద్దం: అలంకారాలని నవ్వే వస్తువులే పనిముట్లయ్యాయి. చేతిరుమాలూ పిన్నీసూ పెట్టిన నేను కొత్తగా సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తేడా ఒక్కటే. వాళ్ళు కారుని మార్చారు, నేను కారుకి తగినట్టు నన్ను కుదించుకున్నాను.

మరి 'ఆడవాళ్ళ కోసం' కార్లు చేసినప్పుడు ఏమైంది? అమెరికాలో 1955లో డాడ్జ్ 'లా ఫెమ్' వచ్చింది. గులాబీ రంగు, దానికి తోడు చేతిసంచీ, లిప్‌స్టిక్. మరుసటి ఏడాదితోనే ఆగిపోయింది. 2012లో హోండా జపాన్‌లో ఫిట్ అనే తన చిన్న హ్యాచ్‌బ్యాక్‌నే 'షీజ్' పేరుతో గులాబీ రంగులో తెచ్చింది. చర్మానికి మంచిదని చెప్పుకునే ఏసీ అందులో ప్రత్యేకత. వీటిని విమర్శించడం సులువు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2004లో జెనీవా ప్రదర్శనలో వోల్వో చూపించిన వై.సి.సి. అనే నమూనా కారు. దాన్ని రూపొందించింది స్త్రీల బృందం. డ్రైవరు శరీరాన్ని కొలిచి, ఆ కొలతలకి తగ్గట్టు సీటూ స్టీరింగూ పెడళ్ళూ వాటంతటవే జరిగే ఏర్పాటు పెట్టారు. నా పక్కటెముకలు చేతులెత్తి దణ్ణం పెట్టే ఆలోచన! కానీ అదే కారులో సొంతదారు తెరుచుకునే బానెట్ లేదు. ముందుభాగం మొత్తాన్ని మెకానిక్కే ఎత్తాలి. మీకు తీరిక ఉండదు కదా, ఆ మురికి మీకెందుకు అన్న మర్యాద అది. ఆ మర్యాద మనకి బాగా తెలుసు. శరీరాన్ని గౌరవించి చేతుల్ని మరిచిపోయారు.

నేను బానెట్ తెరవాలనుకున్నాను. మొదట మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. "సార్ రాలేదా మేడమ్? సార్‌కైతే అన్ని సమజ్ చేసి చెప్త" అన్నాడు. మా సార్‌కి సైకిల్ తప్ప ఇంకేదీ నడపడం రాదు. ఆ మాట చెబితే అతను నవ్వాడు. ఆ తర్వాత నాకే చెప్పాడు, బాగా చెప్పాడు.

టైరు మీద రాసి ఉన్నదానికి ప్రతిపదార్థం నేర్చుకున్నాను. 165/80 ఆర్ 14 అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 80 శాతం, లోపలి చక్రం 14 అంగుళాలు. కంపెనీ టైరు మొత్తం వ్యాసం సుమారు 620 మిల్లీమీటర్లు. మా వాడు వేసిన 205/45 ఆర్ 16ది 591. చక్రం చిన్నదైనప్పుడు మీటరు అసలు వేగం కన్నా ఎక్కువ చూపిస్తుంది. మీటరు నూరు చూపినప్పుడు కారు వెళ్ళేది తొంభై అయిదే. ఆ దూకుడులో కొంత మీటరులోనే ఉందన్నమాట! వీడియో కాల్‌లో చెబితే వాడు పడిపడి నవ్వాడు.

చట్టం సంగతీ చదివాను. కంపెనీ ఇచ్చిన అసలు నిర్దేశాలకి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం అనుమతి లేని ఒక్కో మార్పుకీ అయిదు వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అంటుంది. పిల్లల్ని నిద్రలేపే సైలెన్సర్ల విషయంలో నాకు అభ్యంతరం లేదు. కానీ పాఠపరిష్కరణ చదువుకున్నదాన్ని, ఒక మాట అడగకుండా ఉండలేను. కంపెనీ ఇచ్చిందే మూలపాఠం, మిగతావన్నీ నేరమైన పాఠాంతరాలు. సరే, ఆ మూలపాఠం ఎవరి ఒంటి కొలతలతో రాశారు? నల్ల ఫిల్ముని 2012 ఏప్రిల్‌లోనే కోర్టు నిషేధించింది. "నువ్వెక్కినా ఎవరికీ కనబడవమ్మా, సేఫ్" అని వాడు దాన్ని వేయించాడు. ఘోషా కూడా రక్షణ పేరుతోనే వచ్చింది. నేను కనబడుతూ నడపదలుచుకున్నాను. మొదట పీకేసింది ఆ ఫిల్మే.

చారలు హెయిర్ డ్రయ్యర్ వేడికి మెత్తబడి ఊడివచ్చాయి. స్ప్రింగులు మాత్రం ఇంట్లో ముట్టుకోలేదు. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే ప్రాణాలు పోతాయి. వాటినీ, చక్రాలనీ, సైలెన్సరునీ మెకానిక్కే మళ్ళీ కంపెనీవి వేశాడు. ఇక మిగిలింది సీటు. ఇదే మోడల్‌లో ఖరీదైన రకానికి సీటు ఎత్తు మార్చే లివరు ఉంది. కారులో రోడ్డు కనిపించేలా కూర్చోవడం కూడా అదనంగా డబ్బిచ్చి కొనుక్కోవాల్సిన విలాసమే! ఆ సీటు నా కారు రంధ్రాలకే సరిపోతుందని నిర్ధారించుకుని తెప్పించాను.

ఒక ఆదివారం మా కాలేజీ హిస్టరీ మేడమ్, బాటనీ మేడమ్ వచ్చారు. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి పక్కకి పెట్టాం. సీటు కింద బెల్టు తీగ ఊడదీశాం. నాలుగు బోల్టులు. మొదటిది కదలడానికి అరగంట పట్టింది. సీటు ఇంత బరువుంటుందని ఎవరికీ తెలియదు, ముగ్గురం కలిస్తే గానీ లేవలేదు. కొత్తది బిగించేటప్పుడు 'గట్టిగా' అన్న మాట చెల్లదు, ఎంత బిగువో సర్వీసు పుస్తకంలో అంకె ఉంటుంది. ఆ కొలత చూపే రెంచి మెకానిక్ అడగ్గానే ఇచ్చాడు. మర్నాడు అతని చేత సరిచూపించుకున్నాను. ఆరోజు టార్చి ముగ్గురం వంతులవారీగా పట్టుకున్నాం, టీ మా ఆయన పెట్టాడు.

చిన్నయసూరి సూత్రంలో ఇంకో సగం ఉంది. బహువచనంలో ఆడవాళ్ళు మహత్తులో చేరతారు. కార్లు వచ్చాయి, వాళ్ళు వచ్చారు.

సీటు పైకి లేచాక వీపు కాస్త వెనక్కి వాల్చినా రోడ్డు కనబడుతోంది, దిండు అక్కర్లేకపోయింది. స్టీరింగుని కిందికి వంచి టేపు పెట్టి కొలిచాను. 24 సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరు ఇంకా బాకీ ఉంది. దాన్ని సర్దుకోదలుచుకోలేదు.