నిలబెట్టి తేవాలి

హుజూర్‌నగర్‌లో బడులకు వేసవి సెలవులిచ్చాక ఒకసారి, ఆషాఢం వెళ్లి శ్రావణం వచ్చాక ఇంకోసారి ఇళ్లు మారే హడావుడి కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఏ సందులో చూసినా ఒక ట్రాలీ ఆటో. అందులో మంచాలు, బీరువా, బియ్యం డ్రమ్ము, ఎక్కడో ఖాళీ చూసి పడుకోబెట్టిన ఫ్రిజ్. ఆ ఫ్రిజ్‌ని చూస్తే నాకు ప్రాణం ఊరుకోదు. 1958లో గోద్రెజ్ మన దేశంలో ఫ్రిజ్‌ల తయారీ మొదలుపెట్టినా, మన ఊళ్లలో మామూలు ఇళ్లకు అది చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పటికీ వాయిదాలు కట్టి కొనుక్కునే ఇళ్లున్నాయి. అంత కష్టపడి కొన్న వస్తువు ఒక్క పూట తొందరలో పాడవకూడదు.

ఫ్రిజ్ వెనక, అడుగున నల్లగా ఉండేది కంప్రెసర్. దాని లోపల మోటారు స్ప్రింగుల మీద కూర్చుని ఉంటుంది, అడుగున కొంత నూనె ఉంటుంది. ఫ్రిజ్‌ని పడుకోబెడితే ఆ నూనె గొట్టాల్లోకి జారిపోతుంది. దించగానే స్విచ్ వేస్తే, నూనె చాలక మోటారు అరుగుతుంది. సన్నటి కేపిలరీ గొట్టంలో నూనె చేరితే గ్యాస్‌కు దారి ఉండదు. కంప్రెసర్ ఆడుతూనే ఉంటుంది, లోపల మాత్రం చల్లబడదు. అప్పుడు మాట పడేది మోసిన హమాలీ.

మన దగ్గర బరువులెత్తడం తెలిసినవాళ్లకు కొదవ లేదు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో ఇక్కడ వరి పెరిగింది. వరి వెంట రైసు మిల్లులు వచ్చాయి, ఇటు మిర్యాలగూడ దాకా మిల్లులే. బస్తాను ఎటు తిప్పి వీపున వేసుకున్నా ఒకటే. ఫ్రిజ్ అలా కాదు. దాని బరువు ఎక్కువగా అడుగున, వెనకవైపు ఉంటుంది. మెట్లు ఎక్కించేటప్పుడు భారం కింది మనిషి మీద పడుతుంది కాబట్టి గట్టి మనిషి కింద ఉండాలి. డోర్ పిడి పట్టుకుని ఎత్తకూడదు. ఈ సంగతులు ముందే చెప్పాల్సిన బాధ్యత ఇంటివాళ్లది. చెప్పకుండా, తర్వాత వాళ్లను అనడం న్యాయం కాదు.

అసలు పని ముందురోజు రాత్రే మొదలవ్వాలి. స్విచ్ తీసేసి, డోర్ తెరిచి పెట్టి, ఐసును దానంతటదే కరగనివ్వాలి. కత్తితో గీకితే ఫ్రీజర్‌కు చిల్లు పడి గ్యాస్ పోతుంది. వెనక నీళ్లు చేరే ట్రే ఉంటే ఒంపేయాలి. గాజు అరలు, కూరగాయల డబ్బా పాత చీరల్లో చుట్టి వేరుగా తీసుకెళ్లాలి. దోసె పిండి, పెరుగు ఆ వారం అవగొట్టేస్తే చాలు. ఇంట్లో ఇన్సులిన్ వాడే పెద్దవాళ్లుంటే మాత్రం అది అందరికంటే ముందు గుర్తుకు రావాలి. ఐసుకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి, ఫ్లాస్కులో పెట్టి చేతపట్టుకుని తీసుకెళ్లాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

బండిలో ఫ్రిజ్‌ని క్యాబిన్ గోడకు ఆనించి, దుప్పటి చుట్టి, నిలబెట్టి కట్టాలి. వెనక నల్లటి గొట్టాల జాలీ ఉన్న పాత ఫ్రిజ్ అయితే తాడు వాటిని నొక్కకూడదు. ఇప్పుడొచ్చే చాలా ఫ్రిజ్‌ల గొట్టాల్లో ఉండే గ్యాస్ ఐసోబ్యూటేన్. వెనక చీటీ మీద ఆర్600ఎ అని రాసి ఉంటుంది. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత ఓజోన్ పొరను దెబ్బతీసే వాయువులను ప్రపంచం మెల్లగా వదిలించుకుంది. వాటి స్థానంలోకి వచ్చినవాటిలో ఇదొకటి. ఓజోన్‌కు హాని చేయదు కానీ వంటగ్యాస్ లాగే మండుతుంది. ఉండేది కొన్ని పదుల గ్రాములే అయినా, దారిలో గొట్టం చిట్లిందని అనుమానమొస్తే ప్లగ్ పెట్టకుండా కిటికీలు తెరిచి మెకానిక్‌ను పిలవాలి.

మలుపులో వంచక తప్పకపోతే 45 డిగ్రీలు దాటనివ్వొద్దు. నిలబెట్టి తెచ్చినా దించాక రెండు మూడు గంటలు ఆగాలి. పడుకోబెట్టి తెస్తే ఒక రోజంతా నిలబెట్టి ఉంచాకే స్విచ్ వేయాలి.

ఆ ఆగడమే మనకు చేతకాదు. తెల్లవారుజామున పాలు పొంగిస్తాం, మధ్యాహ్నానికి చుట్టాలొస్తారు. ఎండన పడి వచ్చినవాళ్లకు చల్లటి నీళ్లివ్వాలని ఆత్రంగా ప్లగ్ పెట్టేస్తాం. ఆ పూటకు కుండ నీళ్లు చాలు. పాలు పొంగించడానికి ఫ్రిజ్ అక్కర్లేదు కాబట్టి, దాన్ని ముందురోజో మర్నాడో వేరే ట్రిప్పులో తెప్పించుకోవచ్చు. కూలి మాట్లాడేటప్పుడే "నిలబెట్టి తేవాలి, నిదానంగా తేవాలి, దానికి పట్టే టైముకు కూడా డబ్బులిస్తాం అన్నా" అని చెప్పండి. త్వరగా దించేసి ఇంకో కిరాయికి పరుగెత్తితేనే ఇల్లు గడిచే మనిషిని, ఉత్త మాటలతో నిదానించమనడం తప్పు. ఆ గంట మనం కొనుక్కోవాలి.