పంచనామాలో పెద్దమనుషులు

కేంద్ర దర్యాప్తు సంస్థల మనుషులు ఇంటి మీదికొస్తే ఏం చేయాలి, ఏం చేయకూడదు అని చెప్పే కరపత్రాలు, చిన్న పుస్తకాలు ఇప్పుడు చాలానే వస్తున్నాయి. వీటిని రాసిన పౌరహక్కుల మిత్రుల శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ చదువుతుంటే ఒక అనుమానం వదలదు. ఈ సలహాలు ఎవరిని మనసులో పెట్టుకొని రాసినవి? మొదటి పేజీలోనే ‘మీ వకీలుకు ఫోన్ చేయండి’ అని ఉంటది. మన వాడల్లో ‘మా వకీలు’ అనే మాట ఎవరి నోటనైనా విన్నామా?

రెండో సలహా, మౌనంగా ఉండండి. రాజ్యాంగం 20(3) ఆ హక్కు ఇచ్చింది నిజమే. నేరం అంటగట్టే ప్రశ్నకు జవాబు చెప్పనక్కర లేదని పాత సి.ఆర్.పి.సి. 161 చెప్పింది, 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 180 కూడా అదే చెబుతున్నది. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం కింద సంతకం పెట్టాల్సిన పని లేదు. మౌన హక్కుకు అందరూ ఉదహరించే తీర్పు 1978 నాటి నందినీ సత్పథి కేసు. జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన గొప్ప తీర్పే. అయితే అందులో నిందితురాలు ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి. పోలీసులు ఆమెకు ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చారు! మనోడు ఠాణాలో నోరు మూసుకుంటే దాన్ని హక్కు అనరు, పొగరు అంటారు. తరతరాలుగా ‘అయ్యా, బాంచెన్’ అని బదులు చెప్పించుకున్న వ్యవస్థకు మన మౌనం ఎట్లా వినపడుతదో ఈ పుస్తకాలు ఆలోచించలేదు.

పైగా సంస్థలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. సి.బి.ఐ., ఎన్.ఐ.ఏ. ముందు ఉన్న మౌనం ఇ.డి. సమన్ల ముందు ఉండదు. మనీ లాండరింగ్ చట్టం సెక్షన్ 50 కింద పిలిస్తే నిజం చెప్పాలి, సంతకం పెట్టాలి, అది సాక్ష్యంగా కూడా చెల్లుతది. ఇ.డి. అధికారులు పోలీసులు కారు కాబట్టి తప్పు లేదని 2022 జూలైలో విజయ్ మదన్‌లాల్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఈ తేడా తెలియకుండా ‘నోరు మెదపను’ అని పోయినోడు కొత్త చిక్కు తెచ్చుకుంటడు.

అసలు నా అభ్యంతరం ఇంకోచోట ఉంది. ఇల్లు సోదా చేసేటప్పుడు ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు ‘స్వతంత్రులైన, గౌరవనీయులైన’ నివాసులను సాక్షులుగా పిలవాలంటుంది చట్టం. ‘గౌరవనీయులు’ అన్న మాట 1898 కోడ్‌లో ఉంది, 1973లో ఉంది, 2023 సంహితలో కూడా సెక్షన్ 103గా అట్లనే దిగింది. డి.కె. బసు తీర్పు కూడా అరెస్టు మెమో మీద కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతంలోని గౌరవనీయుడో సాక్షి సంతకం చేయాలన్నది. ఎవరు గౌరవనీయులో ఏ చట్టమూ చెప్పలేదు. ఊర్లో దీనికి ఒకటే అనువాదం: పెద్దమనుషులు.

మా బాపు కాగితాల మీద గ్రామ సేవకుడు, ఊరి నోట సుంకరి. ఠాణా నుంచి కబురొస్తే పని విడిచి పోవాల్సిందే. దొంగతనమైనా, సారా కేసైనా పంచనామా కింద ఆయన వేలిముద్ర ఉండేది. ఏం రాసిండ్రో చదివి వినిపించినోడు లేడు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ‘ఏం కాగితం బాపూ అది?’ అంటే, ‘దొర సంతకం పెట్టిండు బిడ్డా, దాని కింద నాది’ అన్నడు. వాడ నుంచి వేలు కావాలి, గౌరవం మాత్రం ఊరిదే. మన ఇల్లే సోదా చేసే రోజున ఆ దొరే మనకు రక్షణగా నిలబడాల్నా?

నగరానికొచ్చి ప్రొఫెసరైనా సంగతి పెద్దగా మారలేదు. 2018 ఆగస్టు 28న భీమా కోరేగావ్ కేసు పేరుతో పుణె పోలీసులు హైదరాబాదులో ఇఫ్లూ ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇల్లు సోదా చేశారు. దేవుళ్ల పటాలు లేకుండా ఫూలే, అంబేద్కర్ ఫొటోలు ఎందుకున్నాయని అడిగారని ఆయనే బయటికొచ్చి చెప్పారు. అదే రోజు వేరే నగరాల్లో జరిగిన అరెస్టులకు పంచులుగా పుణె మునిసిపల్ ఉద్యోగులను వెంట తెచ్చుకున్న తీరును జస్టిస్ చంద్రచూడ్ సెప్టెంబరులో తన భిన్నాభిప్రాయ తీర్పులో తప్పుపట్టారు. ‘ఆ ప్రాంతం’ అన్న మాటకు అర్థం అంతవరకు సాగింది. కేసు 2020 జనవరిలో ఎన్.ఐ.ఏ. చేతికి పోయింది. ఆనంద్ తేల్‌తుంబ్డే అరెస్టయింది ఆ ఏడాది అంబేద్కర్ జయంతి నాడే.

ఇక భాష. గౌతమ్ నవలఖా కేసులో కాగితాలు మరాఠీలో ఉంటే ఆయనకెట్లా అర్థమవుతాయని ఢిల్లీ హైకోర్టు అడిగింది. ఇంగ్లీషు రాని మనిషికి నిర్బంధ కారణాలు ఇంగ్లీషులో ఇస్తే చెల్లదని 1962లోనే హరికిసన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని 2023లో ఇ.డి. కేసులకు, 2024లో ఉపా కేసులకు, 2025 నవంబరులో అన్ని కేసులకూ చెప్పింది, అది కూడా అరెస్టయిన మనిషికి తెలిసిన భాషలో. కరపత్రాలు ఈ మాటను పెద్దక్షరాల్లో వేయాలి. తెలుగులో రాసియ్యమని అడగడం బతిమాలడం కాదని మనోళ్లకు తెలవాలి.

ఇంకొకటి ఏ కరపత్రంలోనూ నాకు కనపడలేదు. 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును పొందే హక్కుంది. ‘మీ వకీలు’ లేనోళ్లకు మొదట చెప్పాల్సింది ఇదే కదా!

మొన్న మా హాస్టల్లో ఒక పుస్తకం చదివి చర్చ పెట్టుకున్నం. ఒక జూనియర్ అడిగిండు: ‘అన్నా, సాక్షిగా మా అమ్మ పనికొస్తదా?’ అరెస్టు మెమో మీద కుటుంబ మనిషిగా వస్తది అన్నాను. సోదాకైతే ‘స్వతంత్రులు’ అన్న మాట అడ్డం, ఇంటామె కుదరదు. పక్కింటి అవ్వను పిలవమని నువ్వు అడగొచ్చు. పట్టుకున్న వస్తువుల జాబితాతో సహా సోదా అంతా వీడియో తీయాలని సెక్షన్ 105 ఉంది కాబట్టి, నువ్వు ఆమెను పిలవమన్నదీ, వాళ్లు కాదన్నదీ అందులో పడాలి అన్నాను. వాడు ఆ సెక్షన్ నంబరు చేతి మీద రాసుకున్నడు.